సున్నం గీత

రామక్క సంచి సర్దింది.

ప్రయాణమయ్యే కొడుక్కి కాదు. తిరిగి రావాల్సిన మొగుడికి.

తెల్ల పంచె, కొత్త చొక్కా, ఒక జత చెప్పులు.

"చినిగిన గుడ్డలతో ఊర్లోకి రానియ్యొద్దురా. మలుపు కాడే మార్చుకోమను" అంది.

"ముందు ఆయప్ప రావాల కదమ్మా" అన్నాడు ప్రతాప్.

ప్రతాప్ నాయన యేసన్న కరువులో పని వెతుక్కుంటూ పోయి ఇరవై రెండేళ్లయింది. అప్పుడు ప్రతాప్‌కు నాలుగేళ్లు, రూతు తల్లి కడుపులో ఉంది. కణేకల్‌లో ఓబుళేసు బండ్ల రిపేరు షాపులో పని చేస్తున్నాడని మొన్ననే ఎవరో చెప్పారు.

గురువారం రూతు పెండ్లి. నాయన చేయి పట్టుకునే చర్చిలోకి నడుస్తానని మొండికేసింది.

ప్రతాప్ బండి తీశాడు. ముదిగుబ్బ రోడ్డెక్కే మలుపులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. కంకర మీద జారి పడ్డాడు.

దెబ్బ తగల్లేదు. కానీ హ్యాండిల్ నేరుగా పెడితే చక్రం ఎడమకు చూస్తోంది.

బస్టాపు అరుగు మీద నుంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. మాసిన చొక్కా, వట్టి కాళ్లు.

"ఇట్లే పోతే లారీ కిందికి పోతావప్పా. పానా ఉండాదా?"

"నీకొచ్చునా తాతా? ఉన్నది కూడా ఊడబీకుతావా?"

ముసలాయన నవ్వాడు. పానా తీసుకుని బోల్టులు వదులు చేశాడు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాడు.

"నువ్వు హ్యాండిల్ తిప్పు. మెల్లగా."

ఇద్దరి మొహాల మధ్య మూరెడు దూరం.

"యాడికి ప్రయాణం?"

"మా నాయనను తెచ్చేకి. చెల్లెలి పెండ్లి."

మోకాళ్ల మధ్య నుంచి చక్రం జారింది. మళ్లీ పట్టుకున్నాడు.

"పాప పేరేమప్పా?"

"రూతు."

"రూతు" అన్నాడు ముసలాయన. "మంచి పేరు. పెండ్లయినాక మీ నాయన ఇంట్లోనే ఉంటాడు కదా?"

ప్రతాప్ పకపకా నవ్వాడు.

"ఇంట్లోనా? చర్చిలో పది అడుగులు నడిస్తే చాలు. భోజనాలయినాక ఊరందరి ముందర మా అమ్మ కాళ్లు పట్టిస్తా. ఆ పొద్దే బస్సెక్కిస్తా. మా వాకిట్లో కుక్కకైనా ఎంగిలాకు దొరుకుతాది, ఆయనకు అదీ లేదు."

ముసలాయన బోల్టులు బిగించాడు. జేబులోంచి వక్కాకు సున్నం డబ్బీ తీశాడు. బోల్టు మీది నుంచి పక్కనున్న ఇనుము మీదికి వేలితో తెల్లగా ఒక గీత గీశాడు.

"ఇదెందుకు?"

"గీత విరిగితే బోల్టు వదులైనట్టు. చూసుకుంటా పో."

కింద పడిన సంచిలోంచి పంచె బయటికి వచ్చింది. ముసలాయన దాన్ని తీసి లోపల పెట్టబోయాడు.

ప్రతాప్ లాక్కున్నాడు.

"ఆ గ్రీజు చేతులతో ముట్టొద్దు. మా నాయనకు తీసింది."

ముసలాయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి కణేకల్ చేరాడు ప్రతాప్. షాపు ముందు బండి ఆపాడు.

"యేసన్న ఉండాడా? నేను ఆయన కొడుకుని."

ఓబుళేసు వంగి బండి చూశాడు. తెల్లగీత దగ్గర ఆగాడు.

"ఆయన గీసిన గీత బండి మీద పెట్టుకొనొచ్చి, ఆయన యాడ అని నన్నడుగుతావేమప్పా?"

ప్రతాప్ వంగి ఆ గీత చూశాడు.

"ఇంట్లో తనకోసం వెతుకుతాండారని ఎవరో చెప్పినారంట. నిన్న సాయంత్రమే బస్సెక్కినాడు. పుట్టింది కొడుకో కూతురో కూడా తెలీదు, చూస్తానని."

ప్రతాప్ మలుపు దగ్గరికి తిరిగి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. అరుగు ఖాళీగా ఉంది.

గురువారం రూతు తన అన్న చేయి పట్టుకోలేదు. ఒంటరిగానే చర్చిలోకి నడిచింది.

మలుపు కాడ బండి బాగు చేసిన ఆ 2023 మే పదహారు, మంగళవారం తర్వాత యేసన్న ఇంటికీ రాలేదు, కణేకల్‌కూ తిరిగి పోలేదు.