శంభు అడిగిన తిండి

కుక్కలన్నీ మెడపట్టీల ద్వారా మనుషుల భాషలో మాట్లాడటం మొదలుపెట్టాక, తన గ్రేట్ డేన్ పిల్ల శంభుకి ఏం పెట్టాలన్న బెంగ వకుళకి తీరిపోయింది. పట్టీలోంచి వాడు ఏ తిండి డబ్బా అడిగితే అదే పెట్టింది. ఎనిమిదో నెలకే శంభు కుంటసాగాడు.

ఎక్స్‌రే చూసి పశువుల డాక్టరు నిట్టూర్చాడు. "పెద్ద జాతి పిల్ల నెమ్మదిగా ఎదగాలమ్మా. ఇంత కాల్షియం పెట్టారేంటి? ఎముకలు వంకరపోయాయి."

"వాడే అడిగాడండీ!"

"వాడు కాదమ్మా. ఆ పట్టీ చేసింది డబ్బాలమ్మే కంపెనీయే. తమ సరుకే అడిగిస్తుంది."

వకుళ శంభుని దగ్గరికి లాక్కుంది. "మరి రోజూ నన్ను అమ్మా అని పిలిచిందెవరు?"

డాక్టరు పట్టీ మీదున్న కంపెనీ ముద్ర చూపించాడు.

వకుళ పట్టీ విప్పేసింది. శంభు ఆమె చెయ్యి నాకాడు. అది ఆకలో నొప్పో ఆమెకి తెలియలేదు.

"ఏంట్రా నాన్నా?" అంటూ మొదటిసారి వాడి కళ్లలోకి చూసింది.