తీగల పక్కన ఇల్లు

బేరానికి దేవప్ప చేతిలో ఉన్నది పెద్ద కరెంటు తీగల పక్కనున్న పెంకుటిల్లు ఒక్కటే. దాన్నిచ్చి, జగన్నాథ్ దగ్గరున్న పాడిబర్రెను, దాని దుడ్డెను రెండింటినీ తోలుకుని మనూర్‌లో బామ్మర్ది పక్కకు చేరాలని అతని లెక్క. బర్రె ఈ ఏటికి, దుడ్డె వచ్చే ఏళ్లకు. అంతకు తగ్గితే ముసలితనం గడవదు.

లెక్కలో ఒక చిల్లి ఉంది. గాలి తేమెక్కిందంటే ఆ తీగలు నువ్వులు వేగినట్టు చిటచిటమంటాయి. ఎండలో చప్పుడే ఉండదు. అందుకే "పగటిపూట రాండ్రి" అని కబురంపాడు.

జగన్నాథ్ భార్యతో, పశువులతో తెల్లారగట్లే దిగాడు.

పొగమంచులో నారాయణఖేడ్ అంతా కరిగిపోయింది. తీగల వెంట వంగపువ్వు రంగు వెలుగు సన్నగా పాకుతోంది. పిడుగు పడ్డాక వచ్చే వాసన గాలిలో తేలుతోంది. జగన్నాథ్ భార్య భీమమ్మ తల నిండా కొంగు కప్పుకుని, ఆ వెలుగును చూస్తూ కలలో ఉన్నట్టు నిలబడింది.

"గీ సప్పుడేందన్నా?" అన్నాడు జగన్నాథ్.

"మంచుకు కరెంటు గాలిల కలుస్తదట తమ్మీ, లైన్‌మెన్ సంగయ్య చెప్పిండు. వాసన సూడు, వానొచ్చినట్టు లేదా?"

"వాసనకేం, మంచిగనే ఉంది. పండుడెట్ల?" జగన్నాథ్ దేవప్ప భార్య వైపు తిరిగాడు. "వదినా, నువ్వు పండుతున్నవా?"

కిష్టవ్వకు అబద్ధం రాదు. "కన్ను మూసి రెండేండ్లాయె."

దేవప్ప పళ్లు కొరికాడు.

"ఇన్నవా అన్నా? నేనేమని ఇల్లు తీసుకోవాలె?"

కిష్టవ్వ జాలిగా భీమమ్మ వెనక్కి వెళ్లింది. "నువ్వేమంటవు చెల్లే?"

భీమమ్మ తిరిగి చూడలేదు.

నలభై ఏళ్లుగా అంగళ్లలో మనుషుల ముఖాలు చదివి బేరాలు చేసినవాడు దేవప్ప. ఆడమనిషి ముఖం తిప్పుకుందంటే బేరం పోయినట్టే.

"సరే, దుడ్డెను నువ్వే ఉంచుకో. బర్రె చాలు."

జగన్నాథ్ తొందరపడలేదు. "కొట్టం ఎనక గడ్డివాము?"

"అది గూడ నీదే. ఇగ సతాయించకు."

జగన్నాథ్ పిడికెడు పచ్చగడ్డితో కలిపి బర్రె తలుగుతాడు దేవప్ప చేతిలో పెట్టాడు. తలుగు చేయి మారాక మాట మారదు.

దేవప్ప లెక్క చూసుకున్నాడు. ఇల్లు పోయింది, గడ్డి పోయింది, దుడ్డె రాలేదు. వచ్చింది ఒక బర్రె, కిష్టవ్వకు నిద్ర. నష్టమే, కానీ మునిగిపోలేదు. ఆ చప్పుడు ఇక వాళ్ల పాలు.

తల్లి కదలగానే దుడ్డె భీమమ్మ వీపు వెనకే గట్టిగా అరిచింది. భీమమ్మ ఉలిక్కిపడలేదు. జగన్నాథ్ వెళ్లి ఆమె భుజం తట్టాడు. రెండు అరచేతులూ ఇంటికప్పులా ఆనించి, ఆ చేతులను తమ ఇద్దరి గుండెలకు తాకించాడు. ఆమె ముఖం విచ్చుకుంది.

"నోటితోని చెప్పరాదా?" అన్నాడు దేవప్ప.

"పుట్టినసంది ఇనరాదన్నా ఆమెకు."