ఫ్రిజ్‌లో ఎర బిళ్ళలు

“పాలగిన్నె పక్కన ఈ పురుగుల సామాను పెడితే నేనొప్పుకోను!” ప్రమీలమ్మ ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకునే అరుస్తోంది. వారం నుంచీ ఇంట్లో ఇదే గొడవ.

“అది మందు కాదే, ఎర బిళ్ళలు. చల్లగా లేకుంటే పనికిరావు,” అన్నాడు తిరుమలయ్య, కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని.

ఆత్మకూరులో ఆయనది ఎరువుల అంగడి. పత్తి చేలల్లో బుట్టలు కట్టి, లోపల ఈ రబ్బరు బిళ్ళ పెడితే మగ పురుగులు వచ్చి పడతాయి. ఆయన కాలు విరిగినప్పటి నుంచి ఆ పని కొడుకు ప్రదీప్‌కుమార్‌ది. రైతులు మళ్ళీ మళ్ళీ బిళ్ళలే అడుగుతున్నారు.

“మగవే ఎందుకు పడతాయో?” అంది ప్రమీలమ్మ.

“దానికి ఆడపురుగు వాసన పూసింటారమ్మా,” అంది డిగ్రీ చదివే కూతురు శ్రీవాసవి. “మగదాని మెదడులో ఆ వాసనకని ఒక దారే ఉంటాది. తగిలిందా, ఇంగ వేరే ధ్యాసుండదు. ఆడదానికి ఆ దారి లేదు. పక్కనే పెట్టినా పట్టించుకోదు.”

“మగోళ్ళ మెదడు యాడైనా అంతేలే. నేను మాత్రం వాటిని ముట్టను తల్లీ, భజనకు పొయ్యేదాన్ని.”

రోజూ మధ్యాహ్నం భజనకని వెళ్ళి, సాయంత్రానికి ఎండకు వాడిపోయి వస్తుందామె.

“ఏమప్పా, ఈపొద్దు ఎన్ని కట్టినావు?” తిరుమలయ్య కొడుకుని అడిగాడు.

“ఇరవై నాయనా. నా చేత్తోనే. శానా తిరిగినా.” ప్రదీప్ కొత్త సెల్‌ఫోను మీంచి తల ఎత్తలేదు.

“సరే. దసరా నుంచి అంగడి నీదే.”

ప్రమీలమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషంలో ఫ్రిజ్ సంగతే మరిచి, అందరికీ కాఫీ తెచ్చి వరండాలో కూర్చుంది.

పొద్దు గూకింది. ట్యూబులైటు వేశారు. పెరటి వెనక పత్తి చేను వైపు నుంచి రెక్కల పురుగులు వచ్చాయి. ఒకటి, నాలుగు, పది. లైటు జోలికి పోలేదు. ప్రదీప్ చేతుల్ని దాటుకుని వెళ్ళాయి. తిన్నగా వచ్చి ప్రమీలమ్మ కొంగు చుట్టూ మూగాయి.

ఆమె విదిలించింది. మళ్ళీ వచ్చాయి.

శ్రీవాసవి నవ్వబోయి ఆగిపోయింది. ప్రదీప్ మెల్లగా ఫోను జేబులో పెట్టుకున్నాడు.

తిరుమలయ్య కాఫీ చివరి గుక్క దాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

“అందరూ వినండి, మాట మారుస్తాండా,” అన్నాడు నెమ్మదిగా. “దసరా నుంచి అంగట్లో కూసునేది, రోజూ చేలకు పోయి బుట్టలు కట్టొస్తాండే మీయమ్మ.”