పిండి జల్లెడ

పంజగుట్ట శ్మశానంలో కొడుకు చితి చల్లారగానే, కమలవ్వ ఇంటి నుంచి తెచ్చిన పిండి జల్లెడతో బూడిద జల్లించసాగింది.

కాటికాపరి బిక్షం పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, శవం నోట్ల పెట్టిన బంగారం దొరికితే నాకే రావాలె."

"నువ్వే తీస్కో బిడ్డా. నాకొద్దు."

"మరేం దేవులాడుతున్నవ్?"

"సత్యాగ్రహం చేసి జైలుకు పోయిండు నా కొడుకు. జెరమొచ్చి సచ్చిపోయిండని నిన్న జైలు జవాన్లు మూటగట్టి తెచ్చిన్రు. మొఖం తప్ప ఏం చూడనియ్యలే. ఈడ్నే నిలబడి కాల్పిచ్చిన్రు."

మళ్ళీ గుప్పెడు బూడిద పోసి ఆడించింది. ఎముక ముక్కల నడుమ ఏదో ఖంగుమంది.

బిక్షం ఆశగా వంగి చూశాడు. బంగారం కాదు, తుపాకీ గుండు.

కమలవ్వ దాన్ని తీసి అతని అరచేతిలో పెట్టింది.

"గిదేనా బిడ్డా, నా కొడుక్కొచ్చిన జెరం?"