ఎనిమిదో మెట్టు

నిచ్చెన ఎనిమిదో మెట్టు విరగలేదు, కోశారు.

ఆ సంగతి ముందు చూసింది పెయింటర్ భార్యే. ఆస్పత్రి నుంచి మొగుడు పోయాడన్న కబురు వచ్చి గంటయినా కాలేదు. అతను పడిన చోటే, కొత్తగా రంగులు వేస్తున్న ఆ ఇంటి హాల్లో, రెండు ముక్కలైన మెట్టు చెక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెక్క పైసగం పేళ్ళు లేచి ఉంది. అడుగుసగం నున్నగా ఉంది. విరిగిన చెక్క అలా ఉండదు. ఎవరో కింది నుంచి సగం దాకా రంపం దించి, ఆ సందు కనబడకుండా లప్పం పూశారు.

"లప్పమా?" ఇంటి యజమాని గొంతు మారింది. "లప్పం పని ఎవరిది?"

అందరి కళ్ళూ ఆమె తమ్ముడి మీదికి తిరిగాయి. గోడలకు లప్పం పట్టేది అతనే. పైగా నిన్న సాయంత్రం బావా బావమరుదులు ఇదే హాల్లో గొంతులు చించుకున్నారు. "నీ అంతు చూస్తా బావా!" అని అతను అరవడం ఇంటిల్లిపాదీ విన్నారు.

"అక్కా, నీ మీద ఒట్టు! ఆ మాట రోజుకి నాలుగుసార్లు అంటాను. బావ నవ్వి ఊరుకునేవాడు."

"ఇవాళ నవ్వడానికి మీ బావ లేడుగా," అన్నాడు యజమాని ఫోన్ తీస్తూ. "పోలీసులొస్తున్నారు. వాళ్ళకి చెప్పుకో. అంతదాకా గుమ్మం దాటావో, కాళ్ళు విరగ్గొడతా."

ఆమెకు ఏడుపు కూడా రాలేదు. పొద్దున మొగుడు పోయాడు. పొద్దు గూకేలోగా తమ్ముణ్ణి తీసుకుపోతారు. వాడు చెయ్యలేదని ఆమె ప్రాణానికి తెలుసు. కానీ ప్రాణం సాక్ష్యం చెప్పదు కదా.

మూల నిలబడి ఉన్నాడు ముసలి వడ్రంగి. ఆ ఇంటికి అల్మారాలు చేస్తున్నది ఆయనే. ఆమె ఆయన వైపు తిరిగింది.

"బాబాయ్, నువ్వయినా చెప్పు. మావాడికి రంపం ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. నీ మాటంటే సారు వింటారు."

"వింటాను. మేస్త్రీ మాట మీద నాకు గురి," అన్నాడు యజమాని. "టేకు తప్ప ఇంకో కర్ర ముట్టని మనిషి."

వడ్రంగి నిట్టూర్చాడు. "నీ బాధ నాకు తెలుసు తల్లీ. కానీ ఉన్నమాట చెప్పాలిగా. నా పనిముట్ల పెట్టెకి తాళం లేదు. రంపం ఎవడైనా తీస్తాడు. రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాలా? కూరగాయలు తరిగితేనే వేళ్ళు కోసుకుంటాడు బాబాయ్ వాడు!"

"నమ్మవా? అయితే చూడు. సారూ, మీరూ చూడండి."

ఒక చెక్కముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తరవాత ఆయన చేతులు వాటంతట అవే నడిచాయి. చెవి మీది పెన్సిలు దిగింది. మూలమట్టం ఆనించి అడ్డంగా గట్టిగా ఒక గీత గీశాడు. అంచు మీద, సరిగ్గా సగం లోతు దగ్గర, కాకికాలు లాంటి చిన్న గుర్తు పెట్టాడు. గీత చెరిగిపోకుండా దాని పక్కనే రంపం దించాడు. గుర్తు దగ్గర ఆపాడు.

"అంతే. ఈ మాత్రం ఎవడికి చేతకాదు చెప్పండి?"

యజమాని తలూపాడు. తమ్ముడు గోడకి జారగిలబడి అలాగే కూలబడ్డాడు.

ఆమె మాత్రం ఒళ్ళోని చెక్కను రుద్దుతూనే ఉంది. పదేళ్ళుగా మొగుడి వెనకాలే గోడలు నున్నగా చేసిన చేతులవి. ఎండిన లప్పం కనబడితే ఊరుకోలేవు. కొంగున ముడేసుకున్న ఉప్పుకాగితం ముక్క ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఆమెకే తెలీదు. పొడి రాలిపోతోంది. కోత పక్కన చెక్క బయటపడుతోంది.

ఉన్నట్టుండి ఆ చేతులు ఆగిపోయాయి.

లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. మెట్టుముక్కను తెచ్చి, వడ్రంగి అప్పుడే కోసిన ముక్క పక్కన పెట్టింది. కోత పక్కన కోత. గీత పక్కన నల్లటి గీత. అంచు మీద, సరిగ్గా సగం లోతు దగ్గర, కాకికాలు పక్కన కాకికాలు.

"బాబాయ్," అంది. "నా తమ్ముడు మనిషిని చంపబోతూ మూలమట్టం పెట్టి గీత గీస్తాడా?"

వడ్రంగి పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకోబోయాడు. అది నిలవలేదు. కిందపడి దొర్లుకుంటూ నిచ్చెన దాకా పోయింది.

"మేస్త్రీ, నువ్వా?" అన్నాడు యజమాని. "ఎందుకయ్యా?"

ముసలాయన ఆ రెండు ముక్కల వంకే చూస్తున్నాడు. ఎవరో పరాయివాడి పనితనం చూస్తున్నట్టు రెండు కోతల మీదా బొటనవేలితో నిమిరాడు.

"మీ అల్మారాలకి పైన అతికించిన పొర ఒక్కటే టేకండీ, లోపలంతా చెత్త కర్ర. రంగు వెయ్యబోయి ఈమె మొగుడు చూసేశాడు, ఇవాళ మీకు చెప్పేస్తానన్నాడు." ఆమె వైపు తిరిగాడు. "కర్రలో మోసం చేశాను తల్లీ, కోతలో మాత్రం ఎన్నడూ చెయ్యలేదు."