ముద్ర ఇవ్వని ఉడుత

సింహం ఏనుగును దింపేసి కుర్ర ఉడుతను మంత్రిని చేసింది. సభ వద్దంటే మంత్రి రాజముద్ర తిరిగిచ్చేసి పోవాలి. ఆ అడవి ఆనవాయితీ అది.

మొదటి రోజే ఉడుత వద్దంటూ నలభై చేతులు లేచాయి.

"ముద్ర ఇచ్చేయ్. వానలదాకా కూడా ఉండవు నువ్వు," అంది ఎలుగుబంటి.

"రాజు పొమ్మనలేదు మామా, నేను పోను," అని ఉడుత ముద్ర చంకన పెట్టుకుని వెళ్లి, కుందేలు బొరియకు కప్పు వేసింది.

రోజూ సభలో ఓడేది. రోజూ ఎవరిదో ఒకరి గూడు బాగుచేసేది. లేచే చేతులు ముప్పై అయ్యాయి, తర్వాత పదయ్యాయి.

తొలివాన నాడు లేచింది ఎలుగుబంటి చెయ్యొక్కటే.

"దించు మామా, తడుస్తోంది," అంది ఉడుత. "నీ గుహలో కారే చోటు నిన్ననే పూడ్చాను."