నల్లప్ప వద్దన్న మేనరికం

“నీ కూతుర్ని నా కొడుక్కు ఇయ్యనంటావా? ఇంకొకసారి చెప్పు.”

ఉరవకొండ నుంచి పూలూ టెంకాయా తీసుకొని వచ్చిన మారెక్క తమ్ముడి ముందు నిలబడి అడిగింది.

“ఇయ్యనక్కా,” అన్నాడు నల్లప్ప.

వణికే కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టుకొని మగ్గం గుంత అంచున కూర్చున్నాడు. ధర్మవరంలో ఒకప్పుడు అతనంత నున్నగా పట్టుచీర నేసినవాళ్లు తక్కువ. నలభై నిండకముందే చెయ్యి వణకడం మొదలైంది. ఇప్పుడు పట్టుకుంటే పోగు తెగిపోతోంది.

“మా ఆనంద్ తాగుబోతా? సోమరా? పిల్ల గూడా వాడంటే ఇష్టపడుతాండాది గదరా!”

“మేనరికం వద్దక్కా.”

“మన అమ్మా నాయనా మేనత్త మేనమామ బిడ్డలు కారా? వాళ్లు బతకలేదా?”

మారెక్క కళ్లు తుడుచుకొని, “ఇంగ నీ గడప తొక్కను,” అని బస్సుకు వెళ్లిపోయింది. లోపల కూతురు లహరి ఏడుపు వినిపించింది.

సువర్ణ భర్త ఎదుట కూలబడింది. “నీ జబ్బేందో వదినకు చెప్పింటే అర్థం చేసుకునేది. నరాల బలహీనత అని చెప్పి ఎన్నాళ్లు దాస్తావు?”

బెంగుళూరు డాక్టరమ్మ ఇద్దరికీ విడమరిచి చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ శక్తిని పుట్టించే పొయ్యిల్లాంటివి ఉంటాయట. మైటోకాండ్రియా అంటారట వాటిని. పాడైనవాటిని ఏరి తీసేయించే ప్రోటీను నల్లప్పకు సరిగా తయారుకావడం లేదు. చెత్త పేరుకొని మెదడులో కణాలు చచ్చిపోతున్నాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా చెడ్డ జన్యువు వస్తేనే ఈ జబ్బు. ఒక్కటే వస్తే ఏమీ కాదు. జబ్బున్నవాళ్ల పిల్లలందరికీ మాత్రం ఒకటి తప్పకుండా వస్తుంది. లహరికీ వచ్చింది. అలాంటిదే ఉన్నవాణ్ణి చేసుకుంటే, పుట్టే పిల్లలకు ముప్పు.

“ఆనంద్‌కు అది ఉండాదో లేదో మనకేం తెలుసు?” అంది సువర్ణ. “పరీక్ష చేయించండి, లేదని తేలితే పెండ్లి చేయొచ్చు అనింది గదా డాక్టరమ్మ! అదన్నా చేయించకుండా పిల్ల గొంతు కోస్తాండావే!”

“పరీక్ష అక్కర్లేదు.”

“ఎందుకు? నీ మొండితనం ఎందుకో నాకు చెప్పు.”

నల్లప్ప వీధి చివర బస్సు కదిలిన చప్పుడు దూరమయ్యేదాకా ఆగాడు.

“అక్క చెయ్యి గూడా వణుకుతాండాది.”